తరాజు సమానంగా లేదు



మొన్న ఒక దావత్‌లో ఓ పెద్దాయన బయాన్ మొదలెట్టారు. కాయినాత్ మొత్తం తరాజులా ఉందట, ఎడమకెంతో కుడికీ అంతేనట, వెంట్రుకవాసి తేడా లేదట, ఖుదా ఉన్నాడనడానికి ఇంతకన్నా దలీల్ అక్కర్లేదట. అందరూ "మాషా అల్లాహ్" అన్నారు. ఇంటర్ చదివే మా భాంజీ మెల్లగా, "మామూ, మరి గుండె ఎడమకే ఎందుకు వాలింది?" అని అడిగింది. నాకు సిగ్గేసింది. ఆ మాట ఎన్నో మజ్లిస్‌లలో నేనూ చెప్పినవాణ్ణే.

భాయీ, ఆ మాట తప్పు. ప్రకృతి ఖానూన్లకు కుడి ఎడమల ఫర్ఖ్ లేదని 1956 దాకా సైంటిస్టులూ అనుకున్నారు. ఆ ఏడు లీ, యాంగ్ అనే ఇద్దరు, 'వీక్ ఫోర్స్' విషయంలో దీన్ని ఎవరైనా పరీక్షించారా అని నిలదీశారు. చియెన్-షియుంగ్ వూ అనే ఖాతూన్ పరీక్షించారు. కోబాల్ట్-60ని పరమశూన్యానికి చేరువగా చల్లబరిచి, దాని కేంద్రకాలను అయస్కాంతంతో ఒకే వైపు నిలబెట్టి చూశారు. రెండు వైపులా సమానంగా రావలసిన ఎలక్ట్రాన్లు ఒక వైపే ఎక్కువగా వచ్చాయి. 1957లో నోబెల్ లీ, యాంగ్‌లకు దక్కింది, వూకి దక్కలేదు. (అక్కడా తరాజు వంకరే!) ఆ రోజుల్లోనే అబ్దుస్ సలామ్‌కూ ఇలాంటి ఖయాలే వస్తే, పౌలీ అంతటి ఉస్తాద్ ఇంకేదైనా మంచిది ఆలోచించుకోమని కబురు పంపాడు. తర్వాత మాఫీ అడిగాడు.

ఇంకా పెద్ద సంగతి ఉంది. ఆరంభంలో పదార్థం, ప్రతిపదార్థం సరిగ్గా సమానంగా ఉండి ఉంటే, రెండూ ఒకదాన్నొకటి తాకి వెలుగైపోయేవి. దాదాపు వంద కోట్లకు ఒక్క కణం చొప్పున పదార్థం ఎక్కువైంది. చందమామ, దక్కన్ బండలు, దస్తర్‌ఖాన్ మీది బిర్యానీ, మనమూ ఆ మిగులే. అదెందుకు మిగిలిందో ఇప్పటికీ తేలలేదు.

సౌష్ఠవం అసలే లేదనడం లేదు. నిన్నటి ఖానూనే నేడూ పనిచేయడం సౌష్ఠవమే. శక్తి నశించదన్న నియమం దాన్నుంచే వస్తుందని ఎమ్మీ నోథర్ రుజువు చేశారు. నా ఝగడా అంతా ఆ "వెంట్రుకవాసి తేడా లేదు" మీద. తారీఫ్‌కు ముబాలగా ఎందుకు? మీ మాట నమ్మిన బచ్చీ రేపు కాలేజీలో వూ పేరు వింటుంది. అప్పుడు ఆమె దేన్ని వదిలేస్తుంది, మీ దలీల్‌నా, దాని మీద మీరు కట్టిన ఈమాన్‌నా?

భాంజీకి జవాబు చదివి మరీ చెప్పాను. పిండంలో సన్నని నూగు ఒకే వైపు గిరగిరా తిరిగి, ద్రవాన్ని ఎడమకు తోస్తుంది. ఎడమేదో, కుడేదో అక్కడే ఖరారవుతుంది.

"ఆ నూగు అటే ఎందుకు తిరుగుతుంది మామూ?" అంది.