తాతయ్య వాచీ డూప్లికేటా?

పోయిన అక్టోబరులో తొమ్మిదో తరగతి పిల్లలకు ‘మా ఇంట్లో పాత వస్తువు’ అనే అంశం ఇచ్చాము. వస్తువు తెచ్చి చూపించాలి, దాని గురించి తెలుగులో నాలుగు మాటలు చెప్పాలి. మూడు నాలుగేళ్ళకోసారి సామాను లారీకెక్కే ఇళ్ళలో పాత వస్తువు మిగలడమే గొప్ప. అంశం ఇచ్చేశాక గాని ఆ సంగతి మాకు తట్టలేదు. అయినా పిల్లలు తెచ్చారు. ఒకమ్మాయి అమ్మమ్మగారి ఇత్తడి కుంకుమ భరిణె తెచ్చింది. ఒకబ్బాయి వాళ్ళ నాన్నగారి ఇనప ట్రంకు పెట్టె ఫోటో తెచ్చాడు. మూత మీద తెల్ల రంగుతో రాసిన ఊళ్ళ పేర్లు ఒకదాని తర్వాత ఒకటి కొట్టేసి ఉన్నాయి. మూడో బెంచీ అబ్బాయి జేబులోంచి రుమాలులో చుట్టిన వాచీ తీశాడు. వాళ్ళ తాతయ్యది. హెచ్ఎంటీ జనతా.

వాచీ చేతులు మారుతూ వెనక బెంచీకి చేరేసరికి ఒక గొంతు వినబడింది. “ఇది డూప్లికేట్ రా. డయలు ఒరిజినల్ కాదు. అక్షరాలు చూడు, ఎంత లావుగా ఉన్నాయో. నేను వీడియోలో చూశాను.”

క్లాసంతా నవ్వింది. అబ్బాయి వాచీ తీసుకుని మళ్ళీ రుమాలులో చుట్టేశాడు. చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పలేదు. సాయంత్రం అడిగితే, “తాతయ్యకు ఎవరో డూప్లికేట్ అమ్మేశారు టీచర్, ఆయనకు తెలీదు” అన్నాడు.

పాత వాచీల పిచ్చి మా ఇంట్లోనూ ఉంది. మేమిద్దరం జీతాలు లెక్క చూసుకుంటూ పదేళ్ళుగా కూడబెట్టినవి పదకొండు వాచీలు, ఒక బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. అందుకని ఆ వాచీని భూతద్దం పెట్టి చూశాము. వెనక బెంచీ అబ్బాయి చూపు సరైనదే. డయలు మళ్ళీ రంగు వేయించినదే. కాని అతను వాడిన మాట తప్పు. ఆ తేడా ఏమిటో చెప్పాలనే ఇది రాస్తున్నాము.

ముందు ఆ వాచీ సంగతి. యంత్ర పరికరాల కోసం 1953లో బెంగళూరులో మొదలైన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ మెషీన్ టూల్స్. 1961లో జపాన్ వారి సిటిజన్ కంపెనీ సహకారంతో అది చేతి గడియారాల తయారీ చేపట్టింది. తర్వాత శ్రీనగర్, తుమకూరు, నైనిటాల్ దగ్గరి రాణీబాగ్‌లలో కూడా కర్మాగారాలు వచ్చాయి. మీలో కొందరు ఆ ఊళ్ళలో చదివి వచ్చినవాళ్ళే. హైదరాబాదులో చింతల్ వైపు వెళితే హెచ్ఎంటీ పేరు వినబడుతుంది గాని, అక్కడ చేసినవి వాచీలు కావు, యంత్రాలు. జనతా అంటే బ్యాటరీ లేని, రోజూ కీ ఇచ్చుకునే వాచీ. లోపల 17 రాళ్ళు. పెళ్ళిలో అల్లుడికి సైకిలూ రేడియోతో పాటు పెట్టిన వాచీ అదే, మొదటి జీతంతో కొనుక్కున్నదీ అదే. దాని పేరు ఎంతదంటే, మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రగడే తన పొలంలో ఎంపిక చేసి పెంచిన సన్నరకం వరికి కూడా హెచ్ఎంటీ అనే పేరే స్థిరపడింది. తెలంగాణలో ఇవాళ్టికీ బియ్యం కొట్టుకు వెళ్ళి హెచ్ఎంటీ అడిగేవాళ్ళున్నారు. వాచీల కంపెనీని మూసేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో నిర్ణయించింది. బియ్యం మాత్రం అమ్ముతూనే ఉన్నారు.

ఇక డయలు. తెలుగు చెప్పేవాళ్ళకు ఇందులో ఒక సులువు ఉంది. హోంవర్కు పిల్లవాడు రాశాడో, అమ్మ రాసిందో మేము అర్థం చదవకుండానే చెప్పగలం. అమ్మ ఎంత వంకరగా రాయాలని చూసినా తలకట్టు దగ్గర దొరికిపోతుంది. డయలు మీద కూడా అంతే, అక్షరాలు చూడాలి. కర్మాగారంలో అక్షరాలను లోహపు పలక మీద సన్నగా చెక్కి, ఆ గాడుల్లో సిరా నింపి, మెత్తటి దిమ్మెతో ఆ సిరాను ఎత్తి డయలు మీద అద్దుతారు. పలక బాగుంటే గీత చివర పదునుగా వస్తుంది, అన్ని గీతలూ ఒకే మందంలో ఉంటాయి. బజారులో రంగు వేసేవాళ్ళు అచ్చును పాత డయలు చూసి తయారు చేసుకుంటారు. అక్షరం కొద్దిగా ఉబ్బుతుంది, చివరలు గుండ్రమవుతాయి, లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం కింద ఇది దాగదు.

తర్వాత నిమిషాల గీతలు చూడాలి. అంచు చుట్టూ 60 గీతలుంటాయి. గంటల గుర్తులు లోహపు ముక్కలైతే అవి పాత చోటనే ఉంటాయి, గీతలు మాత్రం కొత్తగా అద్దినవి. అచ్చు వెంట్రుకవాసి తిరిగినా ప్రతి అయిదో గీతా గంట గుర్తు మధ్యకు రాదు. నాలుగు దగ్గరో ఎనిమిది దగ్గరో పక్కకు జారుతుంది. స్విస్ వాచీలైతే ఆరు అంకె కింద అంచు మీద సన్నటి అక్షరాలు వెతకాలి. మళ్ళీ రంగు వేసేటప్పుడు తరచు పోయేవి అవే.

చీకట్లో మెరిసే డయళ్ళు మరీ ఆసక్తిగా ఉంటాయి. పూర్వం ఆ మెరుపుకు రేడియం వాడేవారు. 1960ల నుంచి దాని చోట ట్రిటియం వచ్చింది. ట్రిటియం సుమారు 12 ఏళ్ళకు సగమైపోతుంది. అంటే 1970 నాటి వాచీలో అది ఈపాటికి దాదాపు లేనట్టే. రేడియం వందల ఏళ్ళు ఉంటుంది గాని, దానితో కలిపిన మెరిసే పొడి ముందే చచ్చిపోతుంది. కాబట్టి యాభై ఏళ్ళ వాచీ రాత్రంతా పచ్చగా వెలుగుతూ ఉందంటే ఆ పూత కొత్తది. ముళ్ళ మీది పూత గోధుమ రంగుకు తిరిగి, డయలు మీది పూత తెల్లగా ఉన్నా అనుమానించాల్సిందే. ఒక హెచ్చరిక: మెరుపు పోయినా రేడియం ఎక్కడికీ పోదు. పాత మెరుపు డయలు కనబడితే మూత తీయకండి, గోకకండి.

ఇన్ని చెప్పాము గాని, వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా రుజువు కాదు. తక్కువ ధర వాచీల మీద కర్మాగారపు అచ్చు కూడా కొన్నిసార్లు వంకరగా పడింది. హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో ఒకసారి ఒక నల్ల డయలు పైలట్ వాచీని ‘మరీ శుభ్రంగా ఉంది, రంగు వేసిందే’ అని పక్కన పెట్టేశాము. మా వెనకే నిలబడ్డ పెద్దాయన తీసుకున్నారు. మూత తీయించి చూస్తే డయలు అసలుదే. ఎవరో కొని, పెట్టుకోకుండా దాచిన వాచీ అది. మాకు తెలుసు అనుకోవడం వల్ల పోయింది.

అసలు డయళ్ళకు మళ్ళీ రంగు ఎందుకు వేయించారు? మన ఎండలకు చెమట, వానలకు తేమ. డయలు మీది పారదర్శకపు పూత పసుపెక్కుతుంది, పొక్కులొస్తాయి, అంకెలు రాలిపోతాయి. పండక్కి ఇంటికి సున్నం వేయించినట్టు, వాచీ సర్వీసుకిచ్చినప్పుడు డయలూ వేయించుకున్నారు. దాన్ని ఎవరూ మోసం అనుకోలేదు, ఎవరూ దాచలేదు. మోసం తర్వాత వచ్చింది. పాత వాచీలకు ధర పలకడం మొదలయ్యాక నాలుగు వాచీల ముక్కలు ఒకటి చేసి, కొట్టొచ్చే రంగు వేసి, ‘కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది’ అని అమ్మడం మొదలైంది. జెండా రంగులు, సైనిక గుర్తులు ఉన్న డయళ్ళు పాత వాచీల మీద తరచు కనబడతాయి. మీ నాన్నగారు సైన్యంలో ఉన్నారని మురిసి కొనేముందు ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

ఇక్కడ మా నాన్నగారి వాచీ మాట చెప్పాలి. అదీ హెచ్ఎంటీయే. ఎనిమిది అంకె పక్కన చింతగింజంత గోధుమ రంగు మరక ఉండేది. సైకిలుతో సహా కాలువలో పడిన రోజు లోపలికి పోయిన నీళ్ళ గుర్తు అది. చిన్నప్పుడు టైము చదవడం నేర్పేటప్పుడు, “మరక దాటితే బడికి ఆలస్యం” అనేవారు. ఆయన పోయాక వాచీ ఆగిపోయింది. అప్పుడు మేమున్న ఊళ్ళో ఒక రిపేరు షాపులో ఇచ్చాము. వారం తర్వాత వెళితే షాపాయన ఎంతో సంతోషంగా చేతిలో పెట్టారు. తళతళలాడుతున్న తెల్ల డయలు. “దీనికి వేరే డబ్బులొద్దమ్మా, పాతదైపోయిందని నేనే వేయించాను” అన్నారు. రేకు అదే, పై పూత మాత్రం మందు పెట్టి కడిగేశారు. మరక లేదు. మంచి మనసుతో చేసిన మనిషిని ఏమంటాం? థాంక్స్ చెప్పి వచ్చేశాము. ఇంటికొచ్చి అమ్మ చేతిలో పెడితే, అటూ ఇటూ తిప్పి చూసి, “ఎవరి వాచీనే ఇది?” అంది.

వాచీలు సేకరించేవాళ్ళ లెక్కలో ఆ అబ్బాయి తాతయ్య వాచీ, మా నాన్నగారి వాచీ రెండూ ఒకటే. రెండిటికీ డయలు మారింది, రెండిటికీ ధర తగ్గింది. ఆ లెక్క తప్పని మేము అనం. కొనేటప్పుడు మేమూ అదే చూస్తాము. ఒకసారి కడిగేసిన పూత తిరిగి రాదు కాబట్టి, చెక్కుచెదరని డయలుకు ఎక్కువ విలువ ఇవ్వడం న్యాయమే. కాని అది బజారు తక్కెడ. ఇంట్లో వాచీని ఆ తక్కెడలో వేసి ‘డూప్లికేట్’ అనేయడం మాకు నచ్చదు. డయలు ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు, ఆ సంగతి చెప్పారా దాచారా అన్నవి అడిగాకే మాట అనాలి. మా నాన్నగారి వాచీకి ఆ పని ఎవరినీ అడక్కుండా జరిగింది. బాగుచేయించడానికి ఇచ్చేటప్పుడు ‘డయలు ముట్టుకోవద్దు’ అని చెప్పకపోవడం మా తప్పు. ఇప్పుడు ఏ వాచీ ఇచ్చినా ఆ మాట చీటీ మీద రాసి పట్టీకి కట్టి ఇస్తాము.

(‘ఒరిజినల్‌గా మీది ఏ ఊరు?’ అని ఎవరైనా అడిగితే మీరు తడబడటం మేము చూశాము. ఆ పోలిక ఇక్కడికి తేవాలని లేదు. మీరు వాచీలు కారు.)

మరి ఆ తాతయ్యగారిని ఎవరు అడగాలి? మరుసటి ఆదివారం అబ్బాయి ఫోన్ కలిపి ఇచ్చాడు. ఆయన కాజీపేటలో ఉంటారు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. డయలు సంగతి ఎత్తగానే నవ్వారు.

“నేనే వేయించాను టీచరమ్మా. వానలో తడిసి సగం అంకెలు పోయాయి. గార్డు పనాయె, బండి ఏ స్టేషన్లో ఎన్నింటికి కదిలిందో నిమిషంతో సహా రాయాలి. రాత్రి లాంతరు వెలుగులో చూసుకోవాలి. జీతం రాగానే డైలు వేయించాను. అంకెలు లావుగా వెయ్యి నాయనా, కంపెనీ లెక్క సన్నగా వద్దు అని దగ్గర కూర్చుని చెప్పాను.”

తర్వాత ఇక్కడి రిపేరాయన దగ్గర మూత తీయించాము. రిపేరు చేసినవాళ్ళు మూత లోపలి వైపు సూదితో తేదీలు గీసుకుంటారు. నాలుగు గీతలు కనబడ్డాయి. అన్నిటికంటే పాతది 11/84. తాతయ్య చెప్పిన ఏడాది అదే. వెనక బెంచీ అబ్బాయి కూడా మాతో వచ్చాడు, భూతద్దం వాడి చేతిలోనే ఉంది. సోమవారం క్లాసులో లేచి, అంకెలు లావుగా ఎందుకున్నాయో వాడే చెప్పాడు. వాచీ తెచ్చిన అబ్బాయి మిగతా మాటలు చెప్పాడు. నాలుగు కాదు, పీరియడు అయిపోయేదాకా చెప్పాడు.

మార్చిలో ఆ అబ్బాయి నాన్నగారికి జోర్హాట్ బదిలీ అయింది. వెళ్ళేముందు వాచీ డబ్బాలో పెట్టడానికి ఒక చీటీ రాసి తెచ్చి చూపించాడు. వాచీ ఎవరిది, డయలు ఎప్పుడు మారింది, ఎవరు మార్పించారు, ఎందుకు అని అయిదు వాక్యాలు. ‘డయలు’ అని రాయాల్సిన ప్రతిచోటా ‘డైలు’ అని రాశాడు. తాతయ్య అలాగే అంటారట. ఎర్ర పెన్ను తీసి, మళ్ళీ మూత పెట్టేశాము.