యతిమైత్రి తెలిసిన సెర్చ్ బాక్స్ కావాలి

లైబ్రరీ కేటలాగ్‌లో తెలుగు పుస్తకం వెతకాలంటే చాలాసార్లు అక్షరం పొల్లుపోకుండా కొట్టాలి. ఎంట్రీలో ‘కన్యాశుల్కము’ అని ఉంటే ‘కన్యాశుల్కం’ అని కొట్టినవాడికి సున్నా రిజల్ట్స్. ‘వేయిపడగలు’ మధ్యలో స్పేస్ ఇస్తే ఒక లెక్క, ఇవ్వకపోతే ఇంకో లెక్క. పుస్తకం మాత్రం బీరువాలో హాయిగా నిద్రపోతుంటుంది.

‘ముందు తెలుగు సరిగ్గా నేర్చుకోండ్రా’ అంటారు పెద్దలు. నేర్చుకుంటాం సార్. కానీ కేటలాగ్ పరీక్ష పేపర్ కాదు కదా! నాలాగా ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లకి తెలుగు ముందు చెవిలో ఉంటుంది, చేతికి తర్వాత వస్తుంది. పేరు విన్నాం, గుర్తుంది, ‘శ’నా ‘ష’నా అన్న దగ్గర ఆగాం. అక్కడ పుస్తకం దొరక్కపోతే రెండోసారి వెతికే ఓపిక మా బ్యాచ్‌లో ఎంతమందికి ఉందో మీకే తెలుసు.

అసలు శబ్దాన్ని బట్టి వెతకడం కొత్త ఐడియా ఏమీ కాదు. సౌండెక్స్ అనే పద్ధతికి అమెరికాలో రాబర్ట్ రస్సెల్ 1918లోనే పేటెంట్ తీసుకున్నాడు, కంప్యూటర్లు పుట్టకముందే. పేరులో మొదటి అక్షరం ఉంచుతారు, అచ్చులు తీసేస్తారు, దగ్గరి ధ్వనులున్న హల్లులకి ఒకే అంకె ఇస్తారు. ఎమ్, ఎన్ రెండూ 5. డీ, టీ రెండూ 3. స్పెల్లింగ్ వేరైనా కోడ్ ఒకటే అయితే పేరు దొరికినట్టే. అమెరికా జనాభా లెక్కల్లో ఇంటిపేర్లు వెతకడానికి దీన్ని వాడారు. మన డీబీఎంఎస్ ల్యాబ్‌లో వాడే మైఎస్‌క్యూఎల్‌లో ఇది రెడీమేడ్ ఫంక్షన్‌గానే ఉంది.

మరి అదే పెట్టేస్తే సరిపోదా? సరిపోదు. విశ్వనాథ సత్యనారాయణ గారి పేరుతో లెక్క వేసి చూడండి. ‘విశ్వనాథ’ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు మధ్యలో డబ్ల్యూ పెడితే కోడ్ వీ-253. పెద్ద లైబ్రరీల పద్ధతిలో అక్కడ వీ పెడితే వీ-215. ఒకే మనిషి, రెండు కోడ్‌లు. ఇంకోవైపు కల, కీలు, కోల మూడింటికీ కోడ్ ఒకటే వస్తుంది, ఎందుకంటే అచ్చులన్నీ ఎగిరిపోయాయి. ఇంగ్లిష్ ఇంటిపేర్ల కోసం కుట్టిన చొక్కా మనకి పట్టదు.

మనకి కావలసిన కొలతలు మన ఛందస్సులోనే ఉన్నాయి. యతిమైత్రి గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు నిజంగా ఒళ్లు జలదరించింది. క, ఖ, గ, ఘ ఒక జట్టు. చ, ఛ, జ, ఝలతో శ, ష, స కలుస్తాయి. ణ, న స్నేహితులు. అచ్చులకీ జట్లున్నాయి: అ, ఆ, ఐ, ఔ ఒకవైపు, ఇ, ఈ, ఎ, ఏ, ఋ ఒకవైపు, ఉ, ఊ, ఒ, ఓ ఇంకోవైపు. ఏ ధ్వని ఏ ధ్వనికి చెవిలో దగ్గరో మన పద్యకవులు రస్సెల్ కంటే ఎన్నో వందల ఏళ్ల ముందే వాడి చూపించారు. డేటా స్ట్రక్చర్స్ భాషలో దీన్ని ఈక్వివలెన్స్ క్లాస్ అంటాం, అంతే.

అయితే యతిని ఉన్నదున్నట్టు దించితే జల్లెడ కన్నాలు మరీ పెద్దవైపోతాయి. క, గ కలిపేస్తే ‘కంప’ కోసం వెళ్లినవాడికి ‘గంప’లు కూడా వస్తాయి. వెతకడానికి ఇంకొంచెం బిగించాలి: శ, ష, స ఒకటి చేయాలి, ఒత్తక్షరాన్ని మామూలు అక్షరంతో కలపాలి, ల, ళలను, న, ణలను కలపాలి, చివరి ‘ము’నీ సున్నానీ సమానం అనుకోవాలి, స్పేస్‌లు తీసేయాలి. పెండ్లి, పెళ్లి లాంటి జంటలకి వేరే చిన్న పట్టిక. కంటికి కనిపించకుండా పదం మధ్యలో దూరే జీరో విడ్త్ క్యారెక్టర్ కూడా ఒకటుంది, దాన్ని మొట్టమొదట ఏరేయాలి. అప్పుడు కూడా ‘కల’ కోసం వెళ్తే ‘కళ’ వస్తుంది. రానివ్వండి. అచ్చంగా సరిపోయినవి పైన, శబ్దం కలిసినవి కింద చూపిస్తే ఎవరికీ నష్టం లేదు. సున్నా రిజల్ట్స్ కంటే నాలుగు ఎక్కువ రావడమే నయం.

‘మైక్ పెట్టేస్తే పోయె కదా’ అన్నాడు మా రూమ్మేట్. మైక్ విన్నదాన్ని ఏదో ఒక స్పెల్లింగ్‌లోకి మారుస్తుంది. అది ఎంట్రీతో కలవకపోతే మళ్లీ అదే సున్నా. చెవి ఉండాల్సింది మైక్‌కి కాదు, ఇండెక్స్‌కి.

ఇందులో ఏ మెషీన్ లెర్నింగూ లేదు, సర్వర్లూ అక్కర్లేదు. వంద లైన్ల పైథాన్ చాలనుకుంటున్నాను. ఈ సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్‌గా నేను మొదలుపెడుతున్నాను. క్లబ్ వాళ్ల నుంచి నాకు కావలసింది కోడ్ కాదు, జంటలు: ఒకే పుస్తకం పేరుని, ఒకే రచయిత పేరుని మీరు ఎన్ని రకాలుగా రాసి ఉన్నారో చూశారో అన్నీ. ఛందస్సు బాగా వచ్చినవాళ్లు ఒకరు పక్కన కూర్చుంటే ఇంకా మంచిది. నా యతులు ఇంకా తడబడుతూనే ఉన్నాయి.