విజ్ఞాన వీచిక: శిష్యుని తరువాత గురువుకు

నాణ్యతా నియంత్రణ మన విభాగాలకు నిత్యకృత్యమే గదా! 1959లో మద్రాసు నుండి వచ్చి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధకునిగా చేరిన ఎస్.ఆర్. శ్రీనివాస వరదన్ తొలుత అభ్యసించదలచినది ఆ విద్యనే. రంగారావు, పార్థసారథి వంటి సహపరిశోధకుల సాంగత్యం ఆయనను సంభావ్యతా సిద్ధాంతం వైపు మళ్ళించింది. అలా దారి మార్చుకోనిచ్చిన ఆ సంస్థ ఔదార్యమే మమ్ములను అధికంగా ఆకర్షించింది. పిమ్మట అమెరికా వెళ్ళి, మిక్కిలి అరుదైన సంఘటనల సంభావ్యతను గణించే సిద్ధాంతాన్ని నిర్మించినందుకు 2007లో ఆబెల్ బహుమతి అందుకున్నారు.

కలకత్తాలో వరదన్‌కు మార్గదర్శి మన తెలుగువారు, ఆంధ్ర విశ్వవిద్యాలయ పూర్వవిద్యార్థి సి.ఆర్. రావుగారు. అదే సంస్థలో ఉండగా రావుగారు 1945లో ప్రచురించిన వ్యాసానికి గణాంకశాస్త్ర అంతర్జాతీయ బహుమతి 2023లో, 102 ఏళ్ళ వయసున లభించింది. శిష్యుని తరువాత 16 ఏళ్ళకు! ఆ ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు.