పద్దెనిమిది నిండితే నాన్న బాధ్యత తీరిపోతుందా?

ఈ వారం చిట్కాలూ, పచ్చళ్ళూ పక్కన పెడుతున్నాను. ఒక ఇంటి గొడవ చెప్పాలి. ఇలాంటిది మీ వీధిలోనూ ఉండే ఉంటుంది.

మా వెనక వాటాలో ఒక వదిన ఉంటోంది. సొంత వదిన కాదు, వరస కలుపుకున్నాం. ఆరేళ్ళుగా భర్తకు దూరంగా ఉంటూ, జాకెట్లు కుట్టి కూతుర్ని చదివిస్తోంది. పిల్ల పోషణకని కోర్టు వేసిన డబ్బు నెలనెలా వచ్చేది. ఇంటర్ అయ్యాక ఆ పిల్ల నర్సింగులో చేరింది. మొన్న పుట్టినరోజు దాటిన వారానికి తండ్రి కబురు పెట్టాడు. "పాప మేజరయింది. ఇక నేనివ్వక్కర్లేదు, చట్టమే చెప్పింది" అని. హాస్టలు ఫీజుకి పది రోజులే గడువు. "చదువు మానేసి బట్టల షాపులో చేరతానమ్మా" అందట పిల్ల. వదిన మా గుమ్మంలో కూలబడి ఒకటే ఏడుపు.

నాదీ ఇంటర్ చదువే, ఏం చెప్పను? ఇద్దరం కలిసి జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళాం. అక్కడి ప్లీడరమ్మ ఓపిగ్గా చెప్పిందీ, ఆ తర్వాత నేను అడిగి తెలుసుకున్నదీ మీకోసం రాస్తున్నాను.

ఆయన మాటలో సగం నిజం ఉంది. భార్యాబిడ్డల పోషణకి మామూలుగా వేసేది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కేసు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ వచ్చింది. ఇందులో పిల్లలకి 18 ఏళ్ళు నిండేదాకానే ఇస్తారు. ఒంట్లోనో మనసులోనో లోపం ఉండి, లేదా దెబ్బ తగిలి, తనను తాను పోషించుకోలేని బిడ్డకైతే ఆ తర్వాత కూడా ఇవ్వాల్సిందే. పెళ్ళయిన కూతురికి మాత్రం ఇది లేదు.

మిగతా సగం ఆయన చెప్పలేదు. హిందువులకి 1956లో వచ్చిన దత్తత, పోషణ చట్టం ఒకటుంది. దాని 20వ సెక్షన్ ప్రకారం, పెళ్ళికాని కూతురు తన సంపాదనతోగానీ ఆస్తితోగానీ బతకలేని స్థితిలో ఉంటే ఆమెను పోషించాల్సింది తల్లిదండ్రులే. దానికి 18 ఏళ్ళ గీత లేదు. పోషణ అంటే తిండీ బట్టా ఒక్కటే అనుకోకండి. ఉండే చోటు, చదువు, వైద్యం, ఆఖరికి తగుమాత్రం పెళ్ళి ఖర్చు కూడా అందులోకే వస్తాయి. 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా ఈ హక్కు ఉందనే చెప్పింది. అయితే ఒక మెలిక ఉంది. పాత కేసులోనే అడిగితే కుదరదు, ఈ చట్టం కింద విడిగా పిటిషన్ వేసుకోవాలి.

ముస్లిం కుటుంబాల సంగతీ చెప్తాను. ఆడపిల్లకి పెళ్ళయ్యేదాకా తండ్రి పోషణ ఇవ్వాలని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది.

మరి మగపిల్లాడో? ఆరోగ్యంగా ఉన్న కొడుక్కి 18 దాటితే ఈ చట్టాల్లో హక్కు లేదు. కానీ 2021లో ఢిల్లీ హైకోర్టు, కొడుకు చదువు భారమంతా తల్లి మీదే పడుతోందని, వాడి డిగ్రీ పూర్తయ్యేదాకా లేదా సంపాదన మొదలయ్యేదాకా ఆవిడకి నెలకింతని ఇమ్మంది. ప్రతి కోర్టూ అలాగే అంటుందని లేదు గానీ, అడగొచ్చు.

ఇక చేయాల్సిన పనులు. పిల్ల మేజరయింది కాబట్టి పిటిషన్ మీద సంతకం తనే పెట్టాలి. పదో తరగతి సర్టిఫికెట్, కాలేజీ ఫీజు రసీదులు, తండ్రి ఉద్యోగం గురించి తెలిసిన కాగితాలు ఒక సంచిలో సర్దుకోండి. 18 నిండకముందు నెలల బాకీ ఉంటే అది పోదు, కానీ బాకీ పడిన ఏడాదిలోపే కోర్టులో అడగాలి. ఆడవాళ్ళకి సంపాదనతో సంబంధం లేకుండా ప్లీడరుని ఉచితంగా ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు.

పెద్ద మొత్తం వచ్చి పడుతుందని మాత్రం ఆశపడకండి. తండ్రి ఆదాయమెంత, ఆయన ఇంకెంతమందిని పోషించాలి, పిల్లకి నిజంగా ఎంత కావాలి, ఇవన్నీ చూసే కోర్టు లెక్క కడుతుంది.

వదినకి ఇంకో భయం. "తండ్రిని కోర్టుకీడ్చిన పిల్ల అంటారు, రేపు సంబంధాలెలా వస్తాయి?" అని. నేనన్నాను, "చదువు మధ్యలో మానిన పిల్లకి వచ్చే సంబంధాలెలా ఉంటాయో మనకి తెలీదా వదినా?" అని. ఆవిడ మారు మాట్లాడలేదు.

హాస్టలు ఫీజు ప్రస్తుతానికి మా చీటీ డబ్బుల్లోంచి సర్దాం. పోయిన సోమవారం పిటిషన్ వేశారు. ఏం తేలుతుందో వాయిదాలు అయ్యాక గానీ తెలీదు. సంతకం పెట్టేటప్పుడు పిల్ల చెయ్యి కాస్త వణికింది. బయటికొచ్చాక మాత్రం "పిన్నీ, రేపు నాకు ప్రాక్టికల్స్ ఉన్నాయి, తొందరగా వెళ్దాం" అంది. బట్టల షాపు మాట మళ్ళీ ఎత్తలేదు.

మీ ఎరుకలో ఇలాంటి తల్లి ఎవరైనా ఉంటే ఈ పేజీ చింపి ఇవ్వండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.