చెత్త ఉత్తరాల అడుగున తుపాను కబురు

సెల్‌ఫోనులకు, ఈ-మెయిల్ పెట్టెలకు వచ్చిపడే అక్కరలేని ప్రకటనల బెడద పట్టణాలకే పరిమితం కాలేదు. కావలి మొదలు ముత్తుకూరు వరకు తీర గ్రామాల ప్రజలకూ ఇది తప్పడం లేదు. అప్పు కావాలా అని ఒకరు, ఇంటి స్థలం కొనమని మరొకరు, లాటరీ తగిలిందని ఇంకొకరు పంపుతూనే ఉంటారు. విసుగెత్తినవారు ఫోను మోగినా చూడడం మానుకుంటారు. ఊళ్లో కూర్చుని పని చేసుకునేవారికి అది విసుగు మాత్రమే. వేటకు పోయేవారికి, రొయ్యల గుంటలు నడిపేవారికి మాత్రం అందులో ప్రమాదం కూడా ఉంది.

1989 నవంబరులో పెనుతుపాను కావలి సమీపంలో తీరం దాటింది. ఆనాడు పల్లెలకు హెచ్చరిక చేరే దారులు రేడియో, దండోరా. నేడు హెచ్చరికలు సెల్‌ఫోనుకే వస్తున్నాయి. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ తుపానులు, పిడుగుల గురించి మెసేజీలు పంపుతోంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఉద్ధృతి, గాలివేగం, చేపలు దొరికే చోట్ల సమాచారం మత్స్యకారులకు అందిస్తోంది. రొయ్యల రైతుకు ఆనాటి కౌంటు ధర, బ్యాంకు ఖాతా లెక్క కూడా ఫోనులోనే తెలుస్తాయి. ఇన్ని అవసరమైన కబుర్లు ప్రకటనల అడుగున పడిపోతే నష్టపోయేది గ్రామస్థులే. నాన్నా పులి కథలో లాగా, వందసార్లు ఉత్తుత్తి మెసేజీ చూసినవారు నూట ఒకటోసారి వచ్చిన అసలు హెచ్చరికను తోసిపుచ్చే అవకాశం ఉంది.

పంపేవారికి ఖర్చు లేదు

ఈ జాడ్యం కొత్తది కాదు. 1978 మే 3న అమెరికాలో ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి గారీ థర్క్, ఆనాటి ఆర్పానెట్ ద్వారా సుమారు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపాడు. అందుకున్నవారు మండిపడ్డారు. ప్రపంచంలో మొదటి చెత్త ఈ-మెయిల్‌గా దానినే చెబుతారు. నేడు ప్రపంచమంతటా తిరిగే ఈ-మెయిళ్లలో దాదాపు సగం ఇటువంటివేనని కంప్యూటర్ భద్రతా సంస్థల అంచనా.

ఇది ఆగకపోవడానికి కారణం సులభమే. పోస్టుకార్డు పంపాలంటే కార్డుకు ఒక డబ్బు పెట్టాలి. లక్ష ఈ-మెయిళ్లు పంపడానికి ఖర్చు నామమాత్రం. లక్షలో ఒక్కరు బదులిచ్చినా పంపినవారికి లాభమే. అందుచేత బదులు ఇవ్వకపోవడమే ఈ బెడదకు మొదటి మందు.

చిరునామాలు బయటికి పోయే దారులు కూడా తెలుసుకోవాలి. దుకాణంలో బిల్లు వేసేటప్పుడు, బహుమతి కూపను నింపేటప్పుడు, అప్పుల యాప్‌లు ఎక్కించుకునేటప్పుడు జనం ఫోను నంబరు, ఈ-మెయిల్ ఇచ్చేస్తున్నారు. అవి చేతులు మారి ఎక్కడెక్కడికో చేరుతున్నాయి. అవసరం లేని చోట నంబరు అడిగితే ఇవ్వనని చెప్పే హక్కు కొనుగోలుదారుకు ఉంది.

1909కు చెబితే చాలు

ఫోను మెసేజీల విషయంలో చట్టం కొంత అండగా ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2007లోనే ప్రకటనలు వద్దనుకునేవారి జాబితా ప్రవేశపెట్టింది. 2018లో నిబంధనలు కట్టుదిట్టం చేసింది. 1909 నంబరుకు ఫోను చేసి ప్రకటనలు వద్దని చెప్పవచ్చు. లేదా ఇంగ్లీషు అక్షరాలలో స్టార్ట్ అని రాసి, కొంచెం ఖాళీ వదిలి, సున్నా వేసి అదే నంబరుకు మెసేజీ పంపవచ్చు. ఆ తరువాత కూడా ప్రకటనలు వస్తే, అందిన 7 రోజులలోగా 1909కే ఫిర్యాదు చేయవచ్చు.

ఇలా చేస్తే తుపాను హెచ్చరికలు కూడా ఆగిపోతాయన్న భయం అక్కరలేదు. ప్రభుత్వ సందేశాలు, బ్యాంకు లావాదేవీల మెసేజీలు యథాప్రకారం వస్తాయి. 2025లో వచ్చిన మార్పు ప్రకారం పంపినవారి పేరు చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. పి అంటే ప్రకటన, ఎస్ అంటే సేవ, టి అంటే లావాదేవీ, జి అంటే ప్రభుత్వం. చివర జి అక్షరం ఉన్న మెసేజీని తెరిచి చూడకుండా వదిలివేయరాదు.

ఈ-మెయిల్‌కు ఎవరి జాగ్రత్త వారిదే

ఈ-మెయిల్‌కు 1909 వర్తించదు. చెత్త ఈ-మెయిళ్లను అరికట్టేందుకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. వాడేవారే జాగ్రత్తపడాలి. బ్యాంకు, పరీక్షలు, ప్రభుత్వ దరఖాస్తులకు ఒక చిరునామా, దుకాణాలకు, యాప్‌లకు వేరొక చిరునామా పెట్టుకుంటే సగం బెడద తగ్గుతుంది. అక్కరలేని ఉత్తరాన్ని ఊరికే చెరిపివేసేకంటే స్పామ్ అని గుర్తు పెట్టడం మేలు. అటువంటివి మళ్లీ వస్తే మెయిల్ నడిపే కంపెనీ వాటిని పక్కకు తోసివేస్తుంది. అయితే ఒక్కోసారి ఉద్యోగ పిలుపు, బ్యాంకు నోటీసు కూడా ఆ పక్క పెట్టెలో పడుతుంటాయి. వారానికి ఒకసారైనా దానిని తెరిచి చూడాలి.

ఉత్తరం అడుగున ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ మీట విషయంలో తేడా గమనించాలి. తెలిసిన కంపెనీ అయితే దానిని నొక్కి వద్దని చెప్పవచ్చు. భారీ సంఖ్యలో ఈ-మెయిళ్లు పంపే కంపెనీలు ఒక్క నొక్కుతో మానుకునే వీలు కల్పించాలని గూగుల్, యాహూ 2024లో నియమం పెట్టాయి. పంపినవారెవరో తెలియకపోతే మాత్రం దానిని ముట్టుకోరాదు. నొక్కితే ఆ చిరునామా వాడుకలో ఉందని వారికి తెలిసిపోతుంది. ఉత్తరాలు మరింత పెరుగుతాయి.

వేట నిషేధ భృతి మంజూరైంది, రుణం మాఫీ అయింది, ఈ లింకు నొక్కండి అని వచ్చేవాటితో మరింత జాగ్రత్త అవసరం. అటువంటిది వస్తే మత్స్యశాఖ కార్యాలయంలోనో, బ్యాంకులోనో స్వయంగా అడిగి తెలుసుకోవాలి. ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. మోసపోయి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే సొమ్మును దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ.

వేట కాలమంతా సముద్రం మీద గడిపేవారికి, ఇంగ్లీషు చదవలేనివారికి ఇవన్నీ ఎవరో ఒకరు దగ్గరుండి చూపవలసి ఉంది. కళాశాలలలో చదివే పిల్లలు ఇంటిలోని పెద్దల ఫోనులు తీసుకుని 1909కు నమోదు చేయించవచ్చు. పాలేలలో పెద్దకాపులు చొరవ తీసుకుంటే ఒక్కరోజు పని. ఏటా అక్టోబరు నుంచి తుపానుల కాలం. ఆ లోగానే మత్స్యశాఖ, రెవిన్యూ అధికారులు గ్రామాలలో దీనిపై ప్రచారం చేపట్టవలసిన అవసరం ఎంతైనా ఉంది. హెచ్చరిక పంపడంతో అధికారుల బాధ్యత తీరదు. ఆ హెచ్చరికను జనం చూసేలా చేయడం కూడా వారి పనే.