గుట్ట తీస్తే సరిపోదు, నీళ్లూ చూడాలి

పాత చెత్తగుట్టల్లోని 85 లక్షల టన్నులను ఏడాదిలో తీసేయాలని 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు గడువు పెట్టారు. మంచి పని. కానీ ఎక్కడ చూసినా టన్నుల లెక్కే. ఆ గుట్టల కింద ఏళ్లతరబడి నేలలోకి దిగిన నల్లనీళ్ల లెక్క మాత్రం ఎవరూ అడగడం లేదు.

నేను హిందూపురంలో బోరు మోటార్లు బాగుచేస్తాను. పెనుకొండ, ధర్మవరం దాకా పనికి వెళ్తాను. పెన్నా, చిత్రావతుల్లో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కనబడే సీమ మాది. బోరే దిక్కు. కేసింగు పైపు పైమట్టి వరకే దిగుతుంది. బండ తగిలాక నీళ్లు పగుళ్లలోంచే రావాలి. ఏ పగులు ఎటు పోతుందో పైనుంచి చెప్పలేం. నల్లనీళ్లదీ అదే దారి కాబట్టి, చెత్తదిబ్బ పక్క బోరు బాగుండి, దూరపు చేనులో బోరు చెడొచ్చు.

ఓ చెత్త యార్డు దాపున మోటారు పైకి లాగితే పైపుల నిండా నల్లటి జిగురు. “ఈ నీళ్లకు ఆవులు గూడ మూతి పెట్టల్యాదన్నా” అన్నాడు రైతు. అది చెత్త వల్లేనని పరీక్ష లేకుండా నేను అనలేను. అందుకే పరీక్ష కావాలంటున్నాను.

ఇది కొత్త కోరికేమీ కాదు. చెత్త పూడ్చే చోట అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి, దానిపై 1.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొర ఉండాలనీ, 50 మీటర్లలోపు భూగర్భజలాన్ని ఎండాకాలం, వానాకాలం, వానలు వెలిశాక పరీక్షించాలనీ 2016 నిబంధనలే చెప్పాయి. మన పాత దిబ్బలు ఏ పొరా లేకుండా పెరిగినవే.

హైదరాబాద్ జవహర్‌నగర్‌లో గుట్టకు మట్టి కప్పినా కథ ముగియలేదు. మల్కారం చెరువును పాడుచేసిన నల్లనీళ్ల కోసం 2023లో రోజుకు 20 లక్షల లీటర్ల శుద్ధి ప్లాంటు పెట్టాల్సి వచ్చింది. మన మునిసిపాలిటీలకు అంత స్తోమత లేదు. తడిచెత్తను ఇంటి దగ్గరే వేరుచేయడం, వాననీళ్లు గుట్టలోకి చొరబడకుండా చుట్టూ కాలువ తీయడం, కారే నీళ్లకు పొర పరిచిన గుంత కట్టడం మాత్రం మన చేతిలో పనులే.

స్థలం శుభ్రమైందని ప్రకటించే ముందు మూడు కాలాల నీటి పరీక్ష జరగాలి. అమోనియా, క్లోరైడు, సీసం ఎంతున్నాయో వార్డు సచివాలయం బోర్డు మీద రాయాలి. చుట్టుపక్కల బోర్ల నీళ్లు వాడే ప్రతి కుటుంబానికీ అది తెలియాల్సిందే.