తొక్కలోని దాణా



మామిడి సీజన్ వచ్చిందంటే జగిత్యాల దగ్గరి చల్‌గల్ మార్కెట్‌లో ఎటు చూసినా కాయల రాశులే. మంచి కాయ లారీ ఎక్కి ఉత్తరాది బాట పడుతుంది. పగిలినవి, మెత్తబడ్డవి ఇక్కడే మిగులుతాయి. జ్యూస్ బండ్ల పక్కన తొక్కలు, టెంకలు కుప్పలు పడతాయి. వాటి మీద ఈగలు తప్ప ఎవరూ కన్నెయ్యరు. ఈ సంచికలో మేం కన్నేశాం, గొర్రెల మేతకు పనికొస్తాయేమోనని.

2019 పశుగణనలో సుమారు 1.9 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలోనే ముందు నిలిచింది. 2017లో మొదలైన పంపిణీ పథకం 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున గొల్లకురుమల ఇండ్లకు చేర్చింది. జీవాలొచ్చాయి గానీ మేత వెంట రాలేదు. మక్కల కోసం కోళ్లఫారాలు, ఇప్పుడు ఇథనాల్ ఫ్యాక్టరీలు పోటీ పడుతుంటే గొర్రెపిల్ల వంతుకు ఏం మిగులుతుంది?

అట్లని తొక్క అమృతమేం కాదు. తీపి ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. ఒక్కసారే దండిగా పెడితే కడుపు పులిసి పిల్ల మేత మానేస్తుంది. పచ్చిది త్వరగా బూజు పడుతుంది. పల్చగా పరిచి, విరిస్తే పటుక్కుమనేదాకా ఎండబెట్టాలి. టెంకలోని జీడిలో పిండిపదార్థం బాగానే ఉన్నా దాని వగరు అరుగుదలకు అడ్డం. నానబెట్టి, ఎండబెట్టి, కొద్దికొద్దిగానే కలపాలి. తోడు పల్లిచెక్క ఉండాల్సిందే.

అయితే ప్రతి పండు గింజా మేత కాదు: సీతాఫలం గింజలు విషం, వాటిని మాత్రం మందకు అందనివ్వకండి.

మీ కొట్టంలో ఏం పెట్టి చూశారో, ఏది బెడిసికొట్టిందో మాకు రాయండి.

— సంపాదకుడు